దగ్గు లేదని ధీమా పడకు చెల్లీ

ఏమే చెల్లీ, మరిదిగారికి ఊపిరితిత్తులు మార్చి ఇంటికి పంపారనగానే చుట్టాలంతా గండం గడిచిందన్నారు కదూ? గడిచింది ఆపరేషన్ గండం. కిడ్నీ, లివర్ ఒంట్లో ఓ మూల దాక్కుని ఉంటాయి. ఊపిరితిత్తులకు ఆ భాగ్యం లేదు. పీల్చిన ప్రతిసారీ దుమ్మూ, బూజూ, క్రిములూ నేరుగా వాటి మీదికే వెళ్తాయి. అందుకే వీటికి ఇన్ఫెక్షన్లూ ఎక్కువే, ఒళ్లు వీటిని పరాయివని తిప్పికొట్టడమూ ఎక్కువే. డాక్టర్లు రిజెక్షన్ అనేది దాన్నే.

అసలు చిక్కు ఇంకోటుంది. కొత్త ఊపిరితిత్తులు పెట్టేటప్పుడు శ్వాసగొట్టాలూ రక్తనాళాలూ కుడతారు గానీ తెగిన నరాలను కలపలేరు. దాంతో కుట్టు కింద కఫం పేరుకున్నా దగ్గు రాకపోవచ్చు. రిజెక్షన్ మొదలైనా నొప్పి ఉండదు. "దగ్గు లేదు, నొప్పి లేదు, బాగానే ఉన్నారు" అనుకుంటూ రోజులు గడిపేస్తాం. నాకు భయం అక్కడే.

అందుకే ఇంట్లో ఊదే ఆ చిన్న స్పైరోమీటర్‌ని మూలన పడేయకు. రోజూ ఒకే వేళకు ఊదించి, మొదటి సెకనులో ఎంత గాలి వచ్చిందో పుస్తకంలో రాయి. మామూలుగా 2.5 లీటర్లు వచ్చేది 2.25కి పడిందనుకో, అంటే పది శాతం తగ్గినట్టే. మళ్లీ ఊదించినా అంతే వస్తే ఆయనెంత హుషారుగా ఉన్నా సరే ట్రాన్స్‌ప్లాంట్ టీమ్‌కి ఫోన్ చెయ్యి. తొందరగా పట్టుకుంటే అప్పటికప్పుడు వచ్చే రిజెక్షన్ చాలాసార్లు కొద్దిరోజుల స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో లొంగుతుంది. ఏళ్లు గడిచాక మెల్లగా వచ్చేది మాత్రం మొండిది. సన్నగొట్టాలు గట్టిపడి మూసుకుపోతాయి. పోయిన శక్తి సాధారణంగా తిరిగి రాదు, ఉన్నది నిలుపుకోవడమే.

మాత్రల సంగతి. 1963లో అమెరికాలో మొదటిసారి ఊపిరితిత్తి మార్చిన మనిషి 18 రోజులే బతికాడు. 1983లో టొరంటోలో మార్చినాయన ఆరేళ్లు దాటి బతికాడు. అన్నేళ్లు బతకడంలో పెద్ద వాటా రిజెక్షన్‌ని అణిచే మందుదే. ఇప్పుడు ఎక్కువమందికి టాక్రోలిమస్ ఇస్తున్నారు. రోజుకు రెండుసార్లు వేసుకునే రకమైతే సరిగ్గా పన్నెండు గంటల తేడా ఉండాలి. రక్తపరీక్ష రోజున పొద్దుటి మాత్ర రక్తం ఇచ్చాకే వెయ్యాలి, లేకపోతే రక్తంలో మందు లెక్క తప్పు వస్తుంది. చేతులు వణకడం, బీపీ, షుగర్ పెరగడం, కిడ్నీ దెబ్బతినడం దీనితోనే రావచ్చు. వణుకుతున్నాయని నువ్వే మోతాదు తగ్గించకు. పంపరపనస పెట్టకు, మందు రక్తంలో పెరిగిపోతుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కిడ్నీలకు చేటు. క్లారిత్రోమైసిన్ టాక్రోలిమస్‌ని పెంచుతుంది, టీబీకిచ్చే రిఫాంపిసిన్ పడగొడుతుంది. కషాయమైనా సరే, అడగకుండా వద్దు.

బ్రాంకోస్కోపీ చేయించి, పరీక్షకు ఊపిరితిత్తి ముక్క తీశాక ఆ సాయంత్రం కాస్త జ్వరం, కఫంలో రక్తపు చార కనిపించవచ్చు. కంగారు పడకు గానీ టీమ్ చెవిన వెయ్యి. ఆయాసం పెరిగినా, ఛాతీలో పొడిచినట్టున్నా, రక్తం ఆగకుండా పడుతున్నా ఇంట్లో కూర్చోకు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఉండవచ్చు. ఇంటి పనుల్లోనూ జాగ్రత్త. పెరటి ఎరువు కలపడం, పాత ధాన్యం తూర్పారబట్టడం ఇక ఆయన పని కాదు. వాటి బూజు అంత చెడ్డది. జలుబుతో పరామర్శకొచ్చేవాళ్లని గుమ్మంలోనే పలకరించి పంపెయ్. మొహమాటపడితే మనకే నష్టం.

100.4 డిగ్రీల జ్వరం వస్తే అర్ధరాత్రయినా తెల్లారేదాకా ఆగకు. ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ నంబరు ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి. ఏ ఆసుపత్రికి పరుగెత్తినా డ్యూటీ డాక్టరుతో మొదటి మాటే ఊపిరితిత్తులు మార్చిన మనిషని చెప్పు, మాత్రల చీటీ చేతిలో పెట్టు.