విదేశయానమున ఛార్జింగు సాధనములు: కొండసీమ వినియోగదారుని హక్కులు

అనంతగిరి, అరకు, పాడేరు కొండలపై గిరిజనులు పండించు కాఫీ 2017లో పారిస్ నగరమున స్వంత అంగడి తెఱచుకొని, 2019లో భౌగోళిక గుర్తింపును బడసి, ఖండాంతరములందు పేరు గాంచినది. ఆ తోటల నడుమ పెరిగిన బగత, కొండదొర, కోటియా కుటుంబముల బిడ్డలు చదువునకో కొలువునకో సముద్రము దాటవలసివచ్చినప్పుడు టిక్కెట్టు, బ్యాంకు సందేశము, ఇంటివారి మాట సమస్తమును సెల్‌ఫోనునందే యుండుటచే, దాని బ్యాటరీ అడుగంటినచో పరదేశమున దిక్కుతోచని స్థితి యేర్పడును. అమెరికాకు నేరుగా పోవు కొన్ని విమానాశ్రయములలో, స్విచ్చి వేసినను వెలుగని ఫోనును విమానములోనికి రానీయబోమని ఆ దేశపు రవాణా భద్రతా సంస్థ 2014 జూలైలోనే ప్రకటించినది. కావున ఛార్జింగు సాధనములను కొనునప్పుడును, వెంట గొనిపోవునప్పుడును, అవి చెడినప్పుడును చట్టము మనకిచ్చిన రక్షణ యెట్టిదో కొండ దిగుటకు ముందే యెఱిగియుండుట మేలు.

కొనునప్పుడు

ఛార్జరును గాని పవర్‌బ్యాంకును గాని చేతిలోనికి తీసికొన్న వెంటనే వెనుకకు త్రిప్పి, అందలి సన్నని అచ్చును చదువవలెను. భారతీయ ప్రమాణముల సంస్థ (బిఐఎస్) గుర్తును, దానితోపాటు ‘ఆర్’ అను అక్షరముతో మొదలగు ఎనిమిది అంకెల నమోదు సంఖ్యయు అచట నుండవలెను. ఆ సంఖ్య నిజమైనదో కాదో ‘బిఐఎస్ కేర్’ యాప్‌లో చూచుకొనవచ్చును. ఈ గుర్తు లేని సరుకును అమ్ముట నేరము. 2016 నాటి బిఐఎస్ చట్టము ప్రకారము తొలి తప్పునకే రెండేండ్ల వఱకు జైలుగాని, రెండు లక్షల రూపాయలకు తక్కువ కాని జరిమానాగాని విధింపవచ్చును.

ఆ అచ్చులోనే ‘ఇన్‌పుట్ 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్’ అని యున్నచో, ఆ ఛార్జరు మన 230 వోల్టులకును, అమెరికా 120 వోల్టులకును, జపాను 100 వోల్టులకును సరిపడును. అప్పుడు కావలసినది ప్లగ్గు ఆకారమును మార్చు అడాప్టరు మాత్రమే. దుబాయిలో మూడు చదరపు పిన్నులదియు, పారిసులో రెండు గుండ్రని పిన్నులదియు పనికివచ్చును. సాధారణమైన అడాప్టరు పిన్నుల రూపమును మార్చునే గాని వోల్టేజిని మార్చదు. మార్చునని నమ్మబలికి దుకాణదారు దానిని అంటగట్టినచో, అది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతి యగును. బిల్లు నిరాకరించుటయు, లోపమున్న సరుకును బిల్లులో వ్రాసిన గడువులోపల, గడువు వ్రాయనిచో ముప్పది దినములలోపల, తిరిగి తీసికొని సొమ్ము చెల్లింప నిరాకరించుటయు అట్టివే. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని గోడకు వ్రాసి యుంచినంత మాత్రమున ఈ హక్కు తొలగిపోదు.

విమానమున

పవర్‌బ్యాంకును చేతిసంచిలోనే యుంచుకొనవలెను. సామాను విభాగమునకు అప్పగించు పెట్టెలో ఉంచకూడదు. నూఱు వాట్-అవర్ల వఱకు ప్రత్యేకానుమతి అక్కఱలేదు. నూఱు మొదలు నూటయఱువది వఱకు విమానసంస్థ అనుమతి వలయును. అంతకు మించినది ప్రయాణికుల విమానమున నిషిద్ధము. ఇరువదివేల మిల్లీఆంపియర్-అవర్ల పవర్‌బ్యాంకు, 3.7 వోల్టుల లెక్కన, డెబ్బదినాలుగు వాట్-అవర్లు మాత్రమే కావున చింత లేదు. అయినను సంస్థలకు వేర్వేఱు నిబంధనలు గలవు: ఎమిరేట్సు సంస్థ 2025 అక్టోబరు 1 మొదలు ఒక్క పవర్‌బ్యాంకునే అనుమతించుచు, ప్రయాణమున దానిని వాడరాదని నియమించినది.

అప్పగించిన పెట్టె విఱిగి లోని ఛార్జర్లు పాడైనచో, భారతదేశము 2009లో చేరిన మాంట్రియల్ ఒడంబడిక ననుసరించి, పెట్టె చేతికందిన ఏడు దినములలోపల విమానసంస్థకు వ్రాతమూలముగా ఫిర్యాదు చేయవలెను. సామాను ఆలస్యమైనచో ఇరువదియొక్క దినములు. దావా వేయుటకు రెండేండ్లు గడువు. గడువు దాటినచో ఎంతటి న్యాయమైన కోరికయు నిలువదు గనుక, విమానాశ్రయము విడుచుటకు ముందే నష్టమును నమోదు చేయించుకొని, ఆ పత్రము నకలు పదిలపఱచుకొనుట వివేకము.

అన్యాయము జరిగినచో

అరకు వాసి ఒకడు విశాఖపట్నములోని అంగడిలో పవర్‌బ్యాంకు కొనగా, అది విదేశమున పొంగి పగిలి ఫోనును, ప్రక్కనున్న బట్టలను కాల్చినదనుకొందము. పవర్‌బ్యాంకు వెల మాత్రమే గాక, ఆ నష్టమునకు సైతము తయారీదారుని, తగిన సందర్భములలో అమ్మకందారుని, బాధ్యులను చేయు ఉత్పత్తి బాధ్యత నిబంధనలు 2019 నాటి చట్టమున గలవు. అందలి 34వ సెక్షను ననుసరించి వినియోగదారుడు తాను నివసించుచోటి జిల్లా వినియోగదారుల కమిషనులోనే కేసు వేయవచ్చును. అంగడి యున్న యూరికి పరుగెత్తనక్కఱలేదు. కారణమేర్పడిన రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవలెను. సరుకు వెల అయిదు లక్షల లోపున్నచో రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఇ-జాగృతి అను అంతర్జాల ద్వారమున ఇంటినుండియే దాఖలు చేయవచ్చును. తొలుత వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేసినను అనేక తగవులు అచటనే తీరవచ్చును.

విదేశమున కొన్న సరుకునకు ఆ దేశపు చట్టమే వర్తించును. పారిసులో కొన్న క్రొత్త ఛార్జరునకు ఐరోపా సమాఖ్య చట్టము ప్రకారము కనీసము రెండేండ్ల హామీ యుండును గనుక, అచటి బిల్లును సైతము పాఱవేయరాదు.

కొండసీమ సోదరులు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినది మఱియొకటి గలదు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టము 12వ సెక్షను ప్రకారము షెడ్యూల్డు తెగలవారికి, ఆదాయముతో నిమిత్తము లేకయే, ఉచిత న్యాయసహాయము లభించును. 15100కు ఫోను చేసి దానిని కోరవచ్చును. మాటకు భయపడియో, ఇంత చిన్న వస్తువునకు కోర్టు మెట్లెక్కుట యేలనని సిగ్గుపడియో మిన్నకుండుట వలన లోపమున్న సరుకు మఱల మఱల కొండలకు చేరుచున్నది. బిల్లును, నమోదు సంఖ్య కనబడునట్లు తీసిన ఫొటోను, నష్టము జరిగిన తేదీని దాచుకొన్నవాని నోటిమాటకు సాక్ష్యబలము కలుగును; ఆ బలముతో తనకు రావలసినదానిని అడుగుట యాచన కాదు, పౌరుని ధర్మము.