చీనావారి జేడ్ శిల

లోకమున వజ్రవైడూర్యములకు కాంతినిబట్టి విలువ కట్టుదురు. ప్రాచీన చీనాదేశీయులు మాత్రము ఒక శిలకు అందులో తమకు గోచరించిన సద్గుణములనుబట్టి విలువ కట్టిరి. ఆ శిలయే జేడ్. చీనా భాషలో దీనిని 'యూ' అందురు. తెలుపు, పసుపు, ఆకుపచ్చ మున్నగు పెక్కు వన్నెలలో ఇది లభించును.

జేడ్ మిక్కిలి గట్టిది. ఉలితో దీనిని చెక్కుట సాధ్యము కాదు. అందుచే పూర్వపు పనివారు గట్టి ఇసుకను నీటితో కలిపి, దానితో శిలను అరగదీసి రూపము కల్పించెడివారు. చిన్న ఆభరణమునకైనను ఎంతయో ఓర్పు కావలసియుండెను. సుమారు 5,000 సంవత్సరములకు పూర్వము యాంగ్‌ట్సీ నదీముఖ ప్రాంతమున వర్ధిల్లిన లియాంగ్‌ఝూ ప్రజలు ఇట్లే నడుమ రంధ్రముగల గుండ్రని బిళ్లలను, వెలుపల చతురస్రముగను లోపల గుండ్రముగను ఉండు గొట్టములను చేసిరి. బిళ్ల ఆకాశమునకును, గొట్టము భూమికిని చెందినవని తరువాతి కాలపు గ్రంథములు తెలుపుచున్నవి.

కన్‌ఫ్యూషియస్ జేడ్‌ను సజ్జనునితో పోల్చెనని 'లీజీ' అను ప్రాచీన గ్రంథము చెప్పుచున్నది. దాని మృదువైన మెరుపు దయకును, మచ్చను దాచని స్వభావము నిష్కాపట్యమునకును గుర్తులు. గౌరవనీయులైన పురుషులు జేడ్ పతకములను నడుమునకు వ్రేలాడగట్టుకొనెడివారు. నడచునప్పుడు అవి ఒండొంటిని తాకి ఇంపుగా మ్రోగుచు, నడకయు నడతయు క్రమము తప్పరాదని హెచ్చరించెడివి.

క్రీ.పూ. 3వ శతాబ్దమునాటి హాన్ ఫే అను తత్త్వవేత్త గ్రంథమున ఒక కథ కలదు. చూ రాజ్యమున బియన్ హె అను నతనికి కొండలలో ఒక ముడి జేడ్ దొరకెను. అతడు దానిని రాజునకు సమర్పించెను. ఆస్థానమందలి రత్నకారుడు అది వట్టి రాయి యనెను. రాజు కోపించి, మోసగాడని బియన్ హె ఎడమ పాదమును నరికించెను. కొంతకాలమునకు వేరొక రాజు సింహాసన మెక్కెను. బియన్ హె మరల రాతితో వెళ్లెను. ఈమారు కుడి పాదము పోయెను.

మూడవ రాజు కాలమున అతడు కొండ క్రింద కూర్చుండి మూడు పగళ్లు, మూడు రాత్రులు విలపించెను. రాజు మనిషిని పంపి, పాదములు పోయినవారు పెక్కుమంది యుండగా నీకే ఇంత దుఃఖమేల యని అడిగించెను. తన పాదములకై ఏడ్చుటలేదనియు, మణిని రాయి యనుట, సత్యవంతుని మోసగాడనుటయే తన దుఃఖమనియు అతడు బదులు చెప్పెను. రాజు ఆ రాతిని కోయించెను. లోపల నిర్మలమైన మణి బయటపడెను! దానికి బియన్ హె పేరే పెట్టిరి.

తరువాత ఆ మణి ఝావో రాజునకు దక్కెను. చిన్ రాజు దానికి 15 నగరముల నిత్తుననెను. క్రీ.పూ. 283లో దానిని కొనిపోయిన లిన్ షియాంగ్‌రు, నగరముల నిచ్చు తలంపు ఆ రాజునకు లేదని గ్రహించి, ప్రాణమునకు తెగించి మణిని క్షేమముగా స్వదేశమునకు చేర్చెను. ఎరువు తెచ్చిన వస్తువును చెడకుండ తిరిగి యిచ్చుటకు చీనావారు నేటికిని ఆ ఉదంతమునే జాతీయముగా వాడుదురు.

జేడ్ దేహమును చెడనీయదని కూడ పూర్వులు నమ్మిరి. క్రీ.పూ. 113లో మరణించిన లియు షెంగ్ అను రాకుమారునికి 2,498 జేడ్ పలకలను బంగారు తీగతో కుట్టి కవచము తొడిగిరి. 1968లో సమాధిని తెరచినపుడు కవచము నిలిచియుండెను; దేహము మన్నైపోయియుండెను. జేడ్ దేహమును కాపాడలేకపోయెను. కాని బియన్ హె సత్యనిష్ఠ మాత్రము రెండువేల యేండ్లు గడచినను చెడక నిలిచియున్నది.

ప్రశ్నలు
1. జేడ్‌ను చీనావారు ఏ గుణములతో పోల్చిరి?
2. బియన్ హె దుఃఖమునకు కారణమేమి?
3. లియు షెంగ్ సమాధివలన మనకు తెలియునదేమి?