కోళ్ల శ్వాసవ్యాధులు: ఒక బుడ్డి టీకా, పది యిండ్ల పని

ఉప్పలు, నాచారము ప్రాంతములలో ఒకప్పుడు పొలములుండిన చోట్ల నేడు ఇండ్లును కార్ఖానాలును లేచినవి. అయినను పెరటిలో అయిదారు పెట్టలను, ఒక పుంజును పెంచుట మానని కుటుంబము లింకను కలవు. గ్రుడ్లమ్మిన సొమ్ము ఇల్లాలి చేతిలోనుండి బిడ్డల పుస్తకములకును, చిల్లర ఖర్చులకును అక్కరకు వచ్చును. కావున గూటిలోని కోళ్లన్నియు వారము తిరుగకముందే చచ్చుట ఆ యింటికి చిన్న నష్టము కాదు.

గడచిన చలికాలమున నాచారములోని యొక సభ్యురాలు మాకు కబురంపెను. మేము వెళ్లునప్పటికి తొమ్మిది కోళ్లలో ఏడు చచ్చినవి. మిగిలిన రెండును నోరు తెరచి ఎగశ్వాస తీయుచు, ఆకుపచ్చని పలుచని రెట్ట వేయుచుండెను. ఒకదాని మెడ వంకర తిరిగియుండెను. వారము క్రిందట సంతలో చౌకగా వచ్చినదని యొక పుంజును కొని, నాటి రాత్రియే తక్కినవానితో గూటిలో మూసిరట. ఆమె మమ్ముజూచి, “అయ్యా, ఈ రెంటినైనను చావకముందే అమ్ముకొందునా?” అని యడిగెను. “అమ్మా, ఆ పుంజును మీకమ్మినవారును ఇట్లే తలచియుందురు” అని మాత్రము మేము చెప్పితిమి. ఆమె అమ్మలేదు.

అది కొక్కెర తెగులు. దీనినే రాణిఖేత్ వ్యాధియందురు. 1926వ సంవత్సరమున ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణమున కనబడిన యీ వ్యాధి, 1927లో మనదేశమున కుమావూ కొండలలోని రాణిఖేత్ నందు గుర్తింపబడుటచే ఆ పేరు వచ్చెను. ఇది సూక్ష్మమైన వైరసువలన కలుగును. పట్టిన పిమ్మట దీనిని మాన్పు మందు లేదు.

కోడి ఊపిరితిత్తులనుండి గాలితిత్తులు కడుపులోనికిని, కొన్ని యెముకలలోనికిని వ్యాపించియుండును. అందుచే ముక్కున ప్రవేశించిన వ్యాధి దేహమంతయు ప్రాకుట సులభము. పగటి సందడిలో తొలి గుర్తులు తెలియవు. రాత్రి కోళ్లు సద్దుమణగిన పిదప దీపము లేకుండ గూటియొద్ద కొంతసేపు నిలిచి వినవలెను. తుమ్ములుగాని గురగుర శబ్దముగాని వినబడినచో ఆ కోడిని తెల్లవారకమునుపే వేరుచేయవలెను.

గురక యన్నియు కొక్కెర తెగులే కాదు. ముఖము వాచి, ముక్కునుండి దుర్గంధముగల చీమిడి కారినచో కొరైజా కావచ్చును. చావులు తక్కువగానుండి, గురక వారములకొలది విడువక, గ్రుడ్లు తగ్గినచో మైకోప్లాస్మా అను సూక్ష్మజీవివలన వచ్చు దీర్ఘవ్యాధిని అనుమానింపవలెను. ఇది తల్లినుండి గ్రుడ్డుద్వారా పిల్లకును సంక్రమించును. గ్రుడ్లు వంకరలై పెంకు పలుచనైనచో బ్రాంకైటిస్ కావచ్చును. పిల్లలు చప్పుడు లేకయే నోరు తెరచి రొప్పుచుండినచో బూజుపట్టిన ఊకను, దాణాను పరీక్షింపవలెను.

కొరైజాకును మైకోప్లాస్మాకును మందులు పనిచేయును. వైరసు వ్యాధులకు అవి పనిచేయవు. కనుక పొరుగువారు చెప్పిన మాత్రలు వేయక, పశువుల దవాఖానలో చూపి, వైద్యుడు చెప్పినన్ని దినములే మందు వాడవలెను. మందు వాడుచుండగను, తరువాత ఆయన చెప్పిన గడువువరకును గ్రుడ్లు తినరాదు, అమ్మరాదు.

తురాయి నీలమై కోళ్లు హఠాత్తుగా గుంపుగా చచ్చినచో తాకవలదు, కోయవలదు. వెంటనే దవాఖానకు తెలుపుడు. ఉప్పలునకు ఆగ్నేయమున సమీపముననే, నాడు హయత్‌నగరు మండలములో నుండిన తొర్రూరునందు 2015 ఏప్రిల్‌లో బర్డ్ ఫ్లూ కనబడి వేలకొలది కోళ్లను నాశనము చేయవలసివచ్చెను. చచ్చిన కోడిని నాలాలో పారవేయక, లోతైన గోతిలో సున్నము చల్లి పూడ్చవలెను.

గూటిలో కోడి యెత్తునకు వంగి చూడుడు. మీ కన్నులు మండినచో కోడి శ్వాసనాళమును అట్లే దెబ్బతినుచున్నదని తెలియుడు. తడిసిన ఊకను తీసివేసి, గాలి ఆడనీయవలెను. క్రొత్తకోడిని మూడు వారములు వేరుగా నుంచవలెను.

కొక్కెర తెగులునకు టీకాయే రక్షణ. పిల్ల పుట్టిన 5–7 దినములలో లాసోటా లేక ఎఫ్ రకపు టీకాను కంటిలోగాని ముక్కులోగాని ఒక చుక్క వేయవలెను. 4 వారములకు లాసోటాను మరల నీయవలెను. 6–8 వారములకు ఆర్-2-బి రకమును చర్మముక్రింద సూదితో వేయింపవలెను. అంతకు చిన్నపిల్లకు దీనిని వేయరాదు. ఆరోగ్యముగా నున్న కోళ్లకే టీకా వేయవలెను. రాజేంద్రనగరునందలి కోళ్ల పరిశోధనాలయమువారి వనరాజా, గ్రామప్రియ కోళ్లకును ఇది తప్పదు. టీకాబుడ్డిని 2–8 డిగ్రీల చల్లదనమున నుంచి, కలిపిన రెండు గంటలలో ముగింపవలెను. త్రాగునీటిలో ఇచ్చునప్పుడు నల్లానీరు పనికిరాదు. అందలి క్లోరిను టీకాను చంపును.

ఇక్కడనే చిక్కున్నది. సాధారణముగా ఒక బుడ్డిలో నూరు కోళ్లకో, అంతకు మించియో సరిపడు మందుండును. ఎనిమిది కోళ్లవారు దానిని తెరచినచో మిగిలినది నేలపాలు. అందుచే ఒక్కొక్కరు కొనరు. కొననందున తెగులు ఇంటింట తిరుగును. పది యిండ్లవారు ఒక దినము నిర్ణయించుకొని, ఉదయపు చల్లని వేళ కోళ్లను గంపలక్రింద మూసియుంచినచో, మందు తెచ్చినవారు ఇంటింటికిని పోయి రెండు గంటలలో బుడ్డిని చెల్లింపగలరు. కోళ్లనన్నిటిని ఒకచోటికి చేర్చవలదు. అట్లు చేసిన తెగులే చేరును.

విత్తనములకును ఎరువులకును కూడుకొనిన మనము ఒక చుక్క మందునకు కూడుకొనలేమా? ఏ వాడవారు ఏ దినము కోరుదురో సంఘ కార్యదర్శికి తెలుపుడు. నాచారపు సభ్యురాలు తన వాడపేరు ఇదివరకే వ్రాయించినది.