గగనతలంలో నిలకడ

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ : వైజ్ఞానిక వ్యాసం.

ఉద్దేశం : కంప్యూటర్ తెరపై యుద్ధ హెలికాప్టర్‌ను నడపడం చాలామందికి వినోదంగా తోచవచ్చు. యథార్థ యంత్రాన్ని అనుసరించి నిర్మించిన సిమ్యులేటర్ మాత్రం వినోదంతో ఆగదు. అది కంటికీ, చేతికీ, బుద్ధికీ కూడా పరీక్ష పెడుతుంది. ఆపద వచ్చినప్పుడు మన చెయ్యి సహజంగా చేయబోయే పని సరియైనది కాకపోవచ్చుననే సత్యాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

వానాకాలం సాయంవేళ చెరువుగట్టున తూనీగను పరికించి చూడండి. అది నీటిపై ఒకచోట కదలక నిలిచి, మరుక్షణంలో ప్రక్కకు తొలగిపోతుంది. విమానానికి ఈ విద్య తెలియదు. ముందుకు సాగుతున్నంతసేపే దాని రెక్కలకు గాలి ఆధారం లభిస్తుంది. హెలికాప్టర్ అలా కాదు. తన రెక్కలను తానే త్రిప్పుకొని ఆధారాన్ని సంపాదించుకొంటుంది. కనుకనే గాలిలో నిలిచిన చోట నిలువగలదు. క్రిందినుండి చూసేవారికి అది నిశ్చలంగా కనిపిస్తుంది. కాని ఆ నిశ్చలత వెనుక పైలట్ కాళ్ళుచేతులు క్షణమైనా విశ్రమించవు. 1939లో ఐగర్ సికోర్‌స్కీ తన వీఎస్-300 హెలికాప్టర్‌ను మొదటిసారి పైకి లేపినప్పుడు దానిని నేలకు త్రాళ్ళతో కట్టి ఉంచాడు. ఎగరడం కంటె అదుపులో ఉంచడమే కష్టమని ఆ త్రాళ్ళే చెబుతున్నాయి.

ఇటువంటి యంత్రాన్ని నేర్చుకొనేవాడు తప్పులు చేయక తప్పదు. ఆకాశంలో చేసిన తప్పుకు ప్రాణమే మూల్యం. నేలను విడువకుండా తప్పులు చేసి నేర్చుకొనే మార్గం కావాలి. ఆ అవసరంనుండే సిమ్యులేటర్ పుట్టింది. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే యువకుడు తన తండ్రి నడిపే పియానో, ఆర్గాన్ వాద్యాల కర్మాగారంలో పెరిగాడు. ఆర్గాన్‌లో గాలిని ఊదే తిత్తులను ఉపయోగించి, ముందువెనుకలకూ ప్రక్కలకూ ఒరిగే చిన్న శిక్షణ విమానాన్ని 1929లో తయారుచేశాడు. మొదట దానిని వేడుకవస్తువుగానే చూశారు. 1934లో అమెరికా సైన్యం తపాలా సంచులను విమానాలలో చేరవేసే బాధ్యత తీసుకొన్నది. మబ్బులలో, చీకటిలో దారి తెలియక పలువురు పైలట్లు మరణించారు. అప్పుడు గాని ఆ వేడుకవస్తువు విలువ తెలిసిరాలేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో లక్షలమంది వైమానికులు దానిలో శిక్షణ పొందారు.

కంప్యూటర్లు ఇండ్లలోకి వచ్చిన పిమ్మట ఈ విద్య సామాన్యులకు కూడ అందుబాటులోకి వచ్చింది. 1986లో వెలువడిన గన్‌షిప్, 1996లో వచ్చిన లాంగ్‌బో వంటివి యుద్ధ హెలికాప్టర్లను తెరపైకి తెచ్చాయి. 2008లో ఈగిల్ డైనమిక్స్ సంస్థ డీసీఎస్ బ్లాక్ షార్క్ అనే సిమ్యులేటర్‌ను విడుదల చేసింది. రష్యాకు చెందిన కామోవ్ సంస్థ రూపొందించిన కా-50 అనే యుద్ధ హెలికాప్టర్‌కు ఇది అనుకృతి. దీనిలో ఒక మీట నొక్కగానే ఇంజన్ మ్రోగదు. ముందు బ్యాటరీలు, ఇంధన పంపులు, పిమ్మట సహాయక ఇంజన్, ఆ తరువాత రెండు ప్రధాన ఇంజన్లు వరుసగా ప్రారంభించాలి. రోటర్‌కు వేసిన బ్రేకును విడువాలి. ఒక మెట్టు మరచినా యంత్రం మొరాయిస్తుంది. ఆటకు కూర్చున్నవాడు మొదటి గంటలోనే విద్యార్థిగా మారిపోతాడు.

హెలికాప్టర్‌ను నడపడానికి మూడు ప్రధాన సాధనాలున్నాయి. కుడిచేతిలో ఉండే దండాన్ని సైక్లిక్ అంటారు. దానిని ఏ దిక్కుకు వంచితే రోటర్ ఆ దిక్కుకు ఒరిగి యంత్రాన్ని అటు లాగుతుంది. ఎడమచేతి ప్రక్కన ఉండే మీట కలెక్టివ్. దానిని ఎత్తితే అన్ని రెక్కల వాలు ఒక్కసారిగా పెరిగి హెలికాప్టర్ పైకి లేస్తుంది, దించితే దిగుతుంది. కాళ్ళక్రింద ఉండే పెడళ్ళు ముక్కును కుడియెడమలకు త్రిప్పుతాయి. ఇంటిలో కంప్యూటర్ ముందు కూర్చున్నవారికి జాయ్‌స్టిక్ సైక్లిక్‌గాను, థ్రాటిల్ మీట కలెక్టివ్‌గాను ఉపయోగపడతాయి.

చెప్పుకోవడానికి ఇవి మూడైనా ఆచరణలో ఒకదానినొకటి విడిచి ఉండవు. అమెరికా అపాచీ హెలికాప్టర్‌లో కలెక్టివ్ ఎత్తామనుకోండి. రోటర్ ఒకవైపు తిరుగుతుంటే దాని ప్రతిచర్యగా శరీరం రెండవవైపు తిరగజూస్తుంది. ముక్కు కుడికి పోతుంది. వెంటనే ఎడమ పెడల్ నొక్కాలి. తోకరోటర్ తోపుడుకు యంత్రం ప్రక్కకు జరుగుతుంది. దానిని సైక్లిక్‌తో సరిదిద్దాలి. సైక్లిక్ వంచితే ఎత్తు కొంత తగ్గుతుంది. మరల కలెక్టివ్ కావాలి. ఒక దారాన్ని లాగితే వలంతా కదిలినట్లు ఒక సవరణ మరియొక సవరణను కోరుతుంది. కా-50లో తోకరోటర్ లేదు. ఒకే ఇరుసుపై రెండు రోటర్లు పరస్పరం వ్యతిరేక దిశలలో తిరిగి ఈ ప్రతిచర్యను రద్దుచేసుకొంటాయి. అందువలన అది కొంత సాధువుగా తోస్తుంది. ఆ సాధుత్వానికీ హద్దు ఉంది. అతివేగంలో మొరటుగా మలుపు త్రిప్పితే పై రెక్కలు క్రింది రెక్కలను తాకి ముక్కలవుతాయి.

క్రొత్తగా నేర్చుకొనేవారికి మొదటి గండం గాలిలో నిలవడమే. హెలికాప్టర్ కుడికి జారుతుంది. చెయ్యి ఎడమకు లాగుతుంది. యంత్రం వెంటనే స్పందించదు. చాలలేదేమోనని చెయ్యి ఇంకా లాగుతుంది. అంతలో మొదటి సవరణ, రెండవ సవరణ కలిసి యంత్రాన్ని ఎడమకు విసిరివేస్తాయి. మరల కుడికి, మరింత గట్టిగా. ఉయ్యాలను ఊపినట్లు ప్రతి సవరణా తప్పును పెంచుతుంది. ఇక్కడ చెడగొట్టేది యంత్రం కాదు, ఆత్రం. దండాన్ని రవ్వంత కదిపి, ఫలితం కనబడకముందే చేతిని తిరిగి తెచ్చుకోవాలి. కన్ను కాళ్ళ దగ్గరి నేలపై కాక దూరాన ఉన్న చెట్టుపైనో, దిగంతంపైనో నిలపాలి. దగ్గరి నేల ప్రతి చిన్న కదలికనూ పెద్దదిగా చూపి చేతిని కంగారుపెడుతుంది.

చేతికి తోడుగా కా-50లో ఆటోపైలట్ ఉంది. పైలట్ తనకు కావలసిన స్థితికి యంత్రాన్ని తెచ్చి ట్రిమ్ మీట నొక్కితే, ఆటోపైలట్ ఆ స్థితిని నిలపడానికి యత్నిస్తుంది. మీట నొక్కకుండా దిశ మార్చినవాడికి ఆ సహాయకుడే ప్రత్యర్థి అవుతాడు. పైలట్ ఒకవైపు, ఆటోపైలట్ ఒకవైపు లాగుతారు. ఇంటి జాయ్‌స్టిక్‌తో ఇంకొక చిక్కు ఉంది. అసలు హెలికాప్టర్‌లో దండం ట్రిమ్ చేసినచోటనే నిలుస్తుంది. జాయ్‌స్టిక్‌లోని స్ప్రింగు మాత్రం దానిని నడిమికి లాగుతుంది. కనుక మీట నొక్కి విడిచిన వెంటనే జాయ్‌స్టిక్‌ను మధ్యకు రానివ్వాలి. అలా చేయకపోతే సవరణ రెట్టింపై యంత్రం ఎగిరిపడుతుంది. ఎప్పుడు పట్టుకోవాలో తెలిస్తే చాలదు, ఎప్పుడు విడువాలో కూడా తెలియాలి.

అభిమన్యునికి పద్మవ్యూహంలో ప్రవేశించడం తెలుసు, వెలువడడం తెలియదు. పైకి లేవడం మాత్రమే నేర్చినవాని స్థితి కూడా అటువంటిదే. ముందుకు సాగకుండా నిట్టనిలువుగా, వేగంగా దిగుతున్న హెలికాప్టర్ తాను క్రిందికి నెట్టిన గాలిలోనే తాను చిక్కుకొంటుంది. ఆ గాలి రెక్కల అంచులనుండి పైకి తిరిగివచ్చి వలయంగా సుడులు తిరుగుతుంది. దీనిని వోర్టెక్స్ రింగ్ స్థితి అంటారు. యంత్రం కంపిస్తుంది, రాయిలా క్రిందికి జారుతుంది. పడిపోతున్నప్పుడు కలెక్టివ్ ఎత్తాలని ఎవరికైనా అనిపిస్తుంది. కాని ఎత్తినకొద్దీ సుడి బలపడి పతనం వేగమవుతుంది. చేయవలసినది దానికి విరుద్ధం: కలెక్టివ్ తగ్గించి, దండాన్ని ముందుకు వంచి, ఆ సుడినుండి నిర్మలమైన గాలిలోకి వెళ్ళాలి. దానికి చాలినంత ఎత్తు మిగిలి ఉండాలి. అందుకే ముందు వేగం లేనప్పుడు నిమిషానికి 300 అడుగులకు మించి దిగరాదని శిక్షణలో సాధారణంగా హెచ్చరిస్తారు.

ఇంజన్లు ఆగిపోయినప్పుడు కూడా ఇటువంటి పరీక్షయే ఎదురవుతుంది. బలం పోయింది కదా అని కలెక్టివ్ పట్టుకొని వ్రేలాడితే రోటర్ వేగం క్షణాలలో హరించిపోతుంది. వెంటనే కలెక్టివ్ దించివేయాలి. అప్పుడు క్రిందినుండి ఎదురువచ్చే గాలి, గాలిమరను త్రిప్పినట్లు, రోటర్‌ను త్రిప్పుతుంది. దీనిని ఆటోరొటేషన్ అంటారు. ముందు వేగాన్ని నిలుపుకొంటూ దిగి, నేల సమీపించగానే ముక్కెత్తి వేగాన్ని తగ్గించి, చివరి క్షణంలో కలెక్టివ్ ఎత్తాలి. రోటర్ కూడబెట్టుకొన్న శక్తి ఆ ఒక్క ఎత్తుకే సరిపోతుంది. ముందే ఖర్చుచేసినవానికి రెండవ అవకాశం లేదు. ఈ రెండు ఆపదలలోనూ ప్రాణభయం చెప్పేది ఒకటి, శాస్త్రం చెప్పేది ఒకటి. చేతికి శాస్త్రాన్ని అలవాటు చేయడమే సాధన.

ఇక యుద్ధం మాట. కా-50 పైలట్ ఒంటరివాడు. నడపడం, వెదకడం, గురిపెట్టడం అన్నీ అతనివే. అది ప్రయోగించే విహ్ర్ క్షిపణి లేజర్ కిరణాన్ని ఆధారం చేసుకొని సాగుతుంది. దూరంగా ఉన్న లక్ష్యాన్ని అది చేరేంతవరకు, ఇరవై సెకండ్లకు పైగా అయినా సరే, కిరణం గురి తప్పరాదు. అంతసేపూ శత్రువుకు కనబడుతూనే హెలికాప్టర్ నిలకడగా ఉండాలి. గాలిలో నిలవడం చేతకానివానికి ఎన్ని క్షిపణులున్నా వ్యర్థమే. అపాచీలో ఈ భారాన్ని ఇద్దరు పంచుకొంటారు: వెనుక ఆసనంలో పైలట్, ముందు ఆసనంలో ఆయుధాలు చూసే సహచరుడు. 2022లో డీసీఎస్‌లోకి వచ్చిన అపాచీ అనుకృతిలో ఆ రెండవ ఆసనంలో మిత్రుడు కూర్చోవచ్చు. లేనిచో కంప్యూటరే ఆ పాత్ర వహిస్తుంది. మన వైమానిక దళం అపాచీలను 2019లో పఠాన్‌కోట్‌లో స్వీకరించింది. హైదరాబాదు సమీపంలోని ఆదిభట్లలో ఆ హెలికాప్టర్ల దేహభాగాలు తయారవుతున్నాయి. తెరపై మనం చూసే యంత్రం వెనుక మన ప్రాంతపు కార్మికుల చేతులు కూడా ఉన్నాయన్నమాట.

ఇంతగా చెప్పినా సిమ్యులేటర్‌కు పరిమితులున్నాయి. చదునైన తెరపై లోతు తెలియదు. యంత్రం ప్రక్కకు జారుతున్నదని అసలు పైలట్‌కు కన్ను చెప్పకముందే శరీరం చెబుతుంది. కుర్చీలో కూర్చున్నవానికి ఆ ఆధారం లేదు. అన్నిటికంటె ముఖ్యమైనది భయం. తెరపై కూలిన హెలికాప్టర్ మరల మొదటినుండి లేస్తుంది. రణరంగంలో కూలినది లేవదు. దానిలోని మనిషి లేవడు. అది గురిపెట్టిన చోట ఉన్న మనుషులూ లేవరు. అంతఃపురంలో కౌరవసేనను గడ్డిపోచగా తీసివేసిన ఉత్తర కుమారుడు, ఆ సేనను కన్నులారా చూడగానే రథం దిగి పరుగుతీశాడు. తెరపై పొందిన నేర్పును తలచుకొని తానే యోధుడనుకొనేవాడికి ఆ కథ చాలు.

అయినా ఉత్తరుడు అంతటితో ఆగిపోలేదు. తిరిగివచ్చి, అర్జునునికి సారథియై పగ్గాలు పట్టాడు. భయపడినవాడు ఓర్పుతో పగ్గాలు పట్టడం నేర్వగలడు. తెరముందు కూర్చున్న విద్యార్థి నూరుసార్లు కూలిపోయి, నూటొక్కవసారి యంత్రాన్ని గాలిలో నిలిపినప్పుడు నేర్చుకొన్నది కేవలం హెలికాప్టర్ విద్య కాదు. ఆపద ఎదురైనప్పుడు తొందరపడే చేతిని ఒక్క క్షణం ఆపి, తెలిసినదానిని తలచుకోవడం కూడా నేర్చుకొన్నాడు. ఆ నిలకడ నేలపై నడిచేవారికి కూడా అవసరమే.

కఠిన పదాలకు అర్థాలు

అనుకృతి = పోలికగా చేసినది
మూల్యం = వెల
మొరాయించు = కదలక మొండికెత్తు
తిత్తి = గాలి ఊదే తోలుసంచి
దిగంతం = దిక్కు చివర
ఆత్రం = తొందర
పతనం = పడిపోవడం
హరించు = నశించు
సారథి = రథం నడిపేవాడు

అభ్యాసం

I. క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. హెలికాప్టర్‌ను నడిపే మూడు సాధనాలు ఒకదానిపై ఒకటి ఎట్లా ఆధారపడి ఉన్నాయో వివరించండి.
2. ఆపదలో చేతి సహజ ప్రవృత్తికీ, శాస్త్రానికీ గల వైరుధ్యాన్ని పాఠం ఆధారంగా విశదీకరించండి.

II. క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. లింక్ శిక్షణ విమానం విలువ ఎప్పుడు, ఎందుకు తెలిసివచ్చింది?
2. కా-50 హెలికాప్టర్‌కు తోకరోటర్ ఎందుకు అవసరం లేదు?
3. సిమ్యులేటర్ పరిమితులు ఏవి?

III. క్రింది వాక్యాలకు సందర్భ సహిత వ్యాఖ్యలు రాయండి.
1. ఇక్కడ చెడగొట్టేది యంత్రం కాదు, ఆత్రం.
2. ముందే ఖర్చుచేసినవానికి రెండవ అవకాశం లేదు.

IV. సంధులు
దిగంతం = దిక్ + అంతం = జశ్త్వ సంధి
విద్యార్థి = విద్యా + అర్థి = సవర్ణదీర్ఘ సంధి
నూటొక్క = నూట + ఒక్క = అత్వ సంధి

V. సమాసాలు
కాళ్ళుచేతులు = కాళ్ళును, చేతులును = ద్వంద్వ సమాసం
ప్రాణభయం = ప్రాణమును గూర్చిన భయం = ద్వితీయా తత్పురుష సమాసం
కౌరవసేన = కౌరవుల యొక్క సేన = షష్ఠీ తత్పురుష సమాసం