తమ్ముడికి ఉత్తరం

బషీరాబాద్

తమ్ముడికి,

మీ బడిలో ఒక గదిని మ్యూజియం చేస్తున్నామని, యుద్ధం గురించి అందులో ఏం పెట్టాలో చెప్పమని రాశావు. ఏం పెట్టొద్దో ముందు చెప్తా. తుపాకులు, ట్యాంకుల బొమ్మలు వద్దు తమ్మీ. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. పేలకుండా మిగిలిన బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉంది. పిల్లలు దాని బరువెంతో అడుగుతారు. ఆ బాంబుల భయానికి అమ్మానాన్నల వెంట ఊరొదిలిన పిల్లలు ఎక్కడ తలదాచుకున్నారో, మళ్లీ బడికి ఎప్పుడు పోయారో ఎవరూ అడగరు. అడిగించాల్సింది అదే.

హిరోషిమా మ్యూజియంలో ఒక మూడు చక్రాల సైకిలు ఉంది. షిన్ అనే నాలుగేళ్లు నిండని పిల్లవాడిది. అణుబాంబు పడ్డప్పుడు దాని మీదే ఆడుకుంటున్నాడు, ఆ రాత్రే చనిపోయాడు. అంత చిన్నవాణ్ణి దూరాన ఒంటరిగా వదలలేక తండ్రి సైకిలుతో సహా పెరట్లోనే పూడ్చుకున్నాడు. 1985లో ఎముకల్ని సమాధికి మార్చి, సైకిలును మ్యూజియానికిచ్చాడు. ఆ సైకిలు ముందు నిలబడ్డ పిల్లలకు వేరే పాఠం అక్కర్లేదు.

సరయేవోలో 2017లో యుద్ధ బాల్యానికే ఒక మ్యూజియం తెరిచారు. అక్కడి వస్తువులు ఇచ్చింది యుద్ధంలో పెరిగినవాళ్లే. పక్కన కథా వాళ్ల మాటల్లోనే ఉంటుంది. నీకు ఈ పద్ధతే పనికొస్తుంది.

ఎందుకంటే, మన దగ్గరా 1948 ఉంది. మన తాండూరు తాలూకా 1956 దాకా గుల్బర్గా జిల్లాలోదే. ముందు రజాకార్ల దౌర్జన్యాలు, సెప్టెంబరులో నిజాం రాజ్యం మీద పోలీసు చర్య, దాని వెంటే ముస్లింల మీద హత్యాకాండ. ఎక్కువ నష్టపోయిన నాలుగు జిల్లాల్లో గుల్బర్గా ఒకటని కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ రాసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు జనానికి చూపలేదు. రజాకార్లకు భయపడి ఊళ్లొదిలిన ఇళ్లలోనూ పిల్లలున్నారు, తండ్రి తిరిగిరాని ముస్లిం ఇళ్లలోనూ ఉన్నారు. ఒక వైపు పిల్లల్నే చూపితే అది మ్యూజియం కాదు, పగ నేర్పే గది.

ఇళ్లకు పోయి అడుగు. పలకో, గిన్నో, పాత ఫొటోనో ఇస్తే, ఆ రోజుల్లో వాళ్ల వయసెంత, ఏం ఆడుకునేవాళ్లో రాసిపెట్టు. పేరు రాయొద్దంటే రాయకు. చెప్పలేక ఆగిపోతే బలవంతం చెయ్యకు. చిన్న తరగతుల పిల్లలకు శవాల ఫొటోలు, చావుల లెక్కలు వద్దు. ఎవరైనా పిల్లవాడు మా తాత కూడా చెప్పాడని లేస్తే, పాఠం ఆపి విను.

అప్పటి పిల్లలు ఇప్పుడు ఎనభై దాటినవాళ్లు. వచ్చే సెలవులదాకా ఆగకు, ఈ ఆదివారమే మొదలుపెట్టు.

ఇట్లు,
మీ అక్క