మేత మిగలకపోతే కొల్లేరుకూ మేలే

ప్రశ్న: కైకలూరు దగ్గర మాకు చిన్న చేపల చెరువుంది. కొల్లేరుకు మా వంతు చెరుపు తగ్గాలంటే ఏం చేయాలి?

జవాబు: ముందు మేత సంగతి చూడండి. తినకుండా మిగిలిన తవుడు అడుగున కుళ్లి, నీళ్లలో ప్రాణవాయువును లాగేస్తుంది. చిల్లుల సంచుల్లో నింపి గెడలకు కట్టే మన పద్ధతి మంచిదే. కానీ సంచిలో ఎంత మిగిలిందో రోజూ చూసి మోతాదు తగ్గించాలి. ఖర్చులో పెద్ద వాటా మేతదే కనుక ముందు బాగుపడేది మీ జేబే. పట్టుబడి అయ్యాక మడ్డినీరు కొల్లేరులోకి పోయే మురుగుకాల్వకు వదలకుండా పక్క చెరువుకో, వరిచేనుకో తోడుకోండి. చిరిగిన సంచులు గట్టున పారేయకండి.

మీ చెరువు కొల్లేరు అభయారణ్యంలో, అంటే ప్లస్ 5 కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపల ఉంటే మాత్రం ఈ చిట్కాలేవీ చాలవు. దాన్ని అభయారణ్యంగా ప్రకటించిన 1999 నోటిఫికేషన్ ప్రకారం అక్కడ చేపల చెరువులే కూడదు. 2006లో ప్రభుత్వం అక్కడి చెరువుల గట్లు తెగ్గొట్టింది అందుకే.