ఆరు వందల గజాల గురికి ఏ రైఫిల్?

ప్రశ్న: టెక్సాస్‌లో ఉంటున్నాను. 600 గజాల టార్గెట్ షూటింగ్ నేర్చుకోవాలని ఉంది. ఎక్కువ ఖర్చు పెట్టలేను. ఏ రైఫిల్ కొనాలి?

జవాబు: అమెరికా పౌరసత్వం లేకుంటే, దుకాణం మెట్లెక్కేముందు ఈ పాఠకుడు చూసుకోవాల్సింది తన వీసా. హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసాపై ఉన్నవారు తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్‌కార్డు ఉంటే ఈ అడ్డు లేదు.

ఇక తూటా సంగతి. 1952 నాటి .308 వించెస్టర్ కన్నా, 2007లో హోర్నడీ తెచ్చిన 6.5 క్రీడ్‌మూర్ భుజాన్ని తక్కువ తంతుంది, గాలికీ తక్కువ పక్కకు పోతుంది. కొత్తవారికి అదే మేలు. ఒక్కటే మెలిక: ఎఫ్-క్లాస్ అనే దూరపు గురి పోటీల్లో ఎఫ్-టీఆర్ విభాగం .223 రెమింగ్టన్‌నీ, .308నీ తప్ప మరోదాన్ని రానివ్వదు.

చవకలో రూగర్ అమెరికన్, సావేజ్ యాక్సిస్ బోల్ట్ యాక్షన్ రైఫిళ్లు చాలు. ఇంకాస్త ఖర్చు పెట్టగలిగితే ఫిన్లాండ్ టిక్కా టీ3ఎక్స్.

అసలు జేబుకు చిల్లు పెట్టేది రైఫిల్ కాదు, స్కోపు! 100 గజాల దగ్గర అంగుళం తేడా 600కి చేరేసరికి ఆరంగుళాలవుతుంది. డయల్ తిప్పినంతా కచ్చితంగా కదలని స్కోపుతో ఎంత మంచి గొట్టమైనా దండగే. అందుకే రైఫిల్‌లో మిగిల్చిన సొమ్ము ఇటు మళ్లించాలి. తూటాల ఖర్చు భయపెడితే .22 లాంగ్ రైఫిల్‌తో 200 గజాల దగ్గర సాధన చేయొచ్చు. ఆ చిన్న తూటాను గాలి ఆడించే తీరు చూస్తే సగం పాఠం వచ్చేస్తుంది.